నాలుగో వంతు ఎవరు వేస్తారు?

మూడు అంకె అంటే మా అత్తయ్యగారికి గిట్టదు. కంచంలో మూడు ఇడ్లీలు పెడితే ఒకటి తీసెయ్యమనైనా అంటారు, ఇంకోటి వెయ్యమనైనా అంటారు. ముగ్గురం కలిసి ఊరికి బయల్దేరితే గుమ్మం దాటే ముందు చిన్న రాయి ఒకటి ఏరి సంచీలో వేసుకుంటారు, నాలుగో మనిషి లెక్కకి. మీ ఇళ్ళల్లో కూడా ఈ రాయి ఉందో లేదో గానీ, మా ఇంట్లో బియ్యం డబ్బా పక్కన ఇప్పటికి ఏడెనిమిది పోగయ్యాయి.

అలాంటి మనిషి వచ్చి పడింది సరిగ్గా ముగ్గురుండే ఇంట్లో. మావారు ఓడల మీద ఇంజనీరు. ఆరు నెలలు నీళ్ళ మీద, మూడు నాలుగు నెలలు నేల మీద. మావయ్యగారు పోయాక అత్తయ్యగారు అమలాపురం వైపు ఉన్న తమ ఊరు వదిలి విశాఖపట్నంలో మా దగ్గరికి వచ్చేశారు. తర్వాత మా అమ్మాయి, నేను. సాయంత్రం ఏడైతే టీవీ ముందు ఒకరు, ఫోన్ ముందు ఒకరు, స్టవ్ ముందు ఒకరు. రెండేళ్ళ కిందట పాప తొమ్మిదో తరగతికి వెళ్ళే ముందు వేసవి సెలవుల్లో, ఈ ముగ్గుర్నీ ఒక చోట కూర్చోబెట్టాలని ఆటలు మొదలుపెట్టాను.

మొదలుపెట్టాక గానీ తెలియలేదు, మన ఆటలన్నీ ఇద్దరికో నలుగురికో పుట్టినవని. వామనగుంటలు ఇద్దరికి. దాడి ఆట ఇద్దరికి. పులి–మేక కూడా ఇద్దరికే, మూడు పులులు ఒకరివి, పదిహేను మేకలు ఇంకొకరివి. చదరంగం సంగతి చెప్పక్కర్లేదు. క్యారమ్స్ బోర్డుకి నాలుగు వైపులు, అష్టాచెమ్మాకి నాలుగు వైపులు, పచ్చీసుకి నాలుగు చేతులు. కొనుక్కొచ్చే డబ్బాల మీద "ఇద్దరి నుంచి నలుగురి వరకు" అని అచ్చేసి ఉంటుంది. ఆడొచ్చు, నిజమే. కానీ ఆడొచ్చు అనడానికీ, ముగ్గురికి బాగుంటుంది అనడానికీ చాలా దూరం ఉంది. ఆ దూరం డబ్బా మీద రాయరు.

ముందు అష్టాచెమ్మాతోనే మొదలైంది, ఎందుకంటే అత్తయ్యగారికి వచ్చిన ఆట అది. హాల్లో టైల్స్ మీద సుద్దముక్కతో అయిదు బై అయిదు గళ్ళు గీశారు, ఇంటూ గుర్తులు పెట్టారు, మావయ్యగారి నాటి గవ్వలు నాలుగు చీర మడతలోంచి తీశారు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తెలియంది ఏమిటంటే, నాలుగో వైపు ఖాళీగా ఉంటే ఆట ఒరిగిపోతుంది. మన వెనక వైపు ఖాళీ అయితే, ఇల్లు దాటిన కొత్త కాయని వెంటపడి తరిమేవాళ్ళు ఒకరు తగ్గుతారు. ఆ చోట కూర్చున్నవాళ్ళకి సుఖం. నాలుగు రోజులు ఆడితే చాలు, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న దాని మీదే పేచీ.

ఇంకో సంగతి. ఈ ఆటలో ఒక్క కాయనైనా చంపితే గానీ లోపలి గళ్ళలోకి వెళ్ళే అర్హత రాదు. అంటే ఎవరో ఒకరిని చంపి తీరాలి. అత్తయ్యగారు మనవరాలి కాయని చంపరు. చేతికందే దూరంలో ఉన్నా, గవ్వలు సరిగ్గా ఆ పందెమే పడినా, వేరే కాయ జరుపుతారు. ఇక మిగిలింది ఎవరు? పాపకి నానమ్మ కాయని చంపడానికి చెయ్యి రాదు. ఇక మిగిలింది ఎవరు? వారం రోజుల్లో నా కాయలు పండింది తక్కువ, పుట్టింటికి తిరిగొచ్చింది ఎక్కువ.

ఖాళీ వైపు సంగతి అత్తయ్యగారే తేల్చారు. "అది పెద్దాడిది. వాడి వంతు నేనేస్తాను," అన్నారు. ఓడ మీదున్న కొడుక్కి నాలుగు కాయలు పెట్టి, తన వంతు అయ్యాక వాడి వంతు గవ్వలు కూడా తనే వేసేవారు. సంచీలో రాయి లాగే. నాకు ముందు ముచ్చటేసింది. తర్వాత చూస్తే ఎనిమిది కాయలు నా వెంట పడుతున్నాయి. "నీ మొగుడే కదమ్మాయ్ చంపింది, పోనీలే," అని నవ్వేవారు. మావారు ఓడ మీంచి ఫోన్ చేసినప్పుడు మొదట అడిగేది "నావి ఎన్ని పండాయి?" అని.

దీన్ని సరిచేసింది మా అమ్మాయి. నాన్న కాయలు ఎవరి సొంతమూ కాదు, ఒక్కో చుట్టు ఒక్కొక్కరం వేద్దాం, ఈ చుట్టు నానమ్మ, వచ్చే చుట్టు అమ్మ, ఆ తర్వాత నేను, అంది. ఆ పద్ధతి దాని సొంత తెలివి అనుకుని మురిసిపోయాను గానీ, తర్వాత దాని స్నేహితురాలి ఇంటి నుంచి బ్లోకస్ అనే ఆట తెచ్చినప్పుడు తెలిసింది. నాలుగు రంగుల బిళ్ళల ఆట అది. ముగ్గురు ఆడితే నాలుగో రంగుని ముగ్గురూ వంతులవారీగా వెయ్యాలని రూల్ లోనే ఉంది. ఎక్కడి ఆటగాళ్ళో మా ఇంటి అవస్థే పడ్డారన్నమాట. నాలుగో వంతు చేతులు మారడంతో ఆట మారిపోయింది. నా చేతిలోకి వచ్చినప్పుడు మావారి కాయతో మా అత్తయ్యగారి కాయని చంపాను. "కన్నకొడుకు చేతే చంపించావా!" అని గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. ఆ రాత్రి ఫోన్లో కొడుకుతో ముందుగా చెప్పింది అదే.

ఆ నాలుగో రంగు కాయల కోసం ఏటికొప్పాక వెళ్ళాం. అంకుడు కర్రతో, లక్క రంగులతో అక్కడ చేసే బొమ్మలు మీకు తెలిసే ఉంటాయి. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి. వేలెడంత బొంగరాలు నాలుగు రంగుల్లో తెచ్చుకున్నాం. చింతపిక్కలూ, చాక్‌పీసు ముక్కలూ అయితే ఎవరిది ఎవరిదో అన్న తగాదా తెగదు. కాయలకి డబ్బు ఖర్చు పెట్టడం దండగ అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. పట్టుకోవడానికి బాగుంటే పిల్లలు ఫోన్ పక్కన పెడతారు. ఇది మాత్రం నేను కళ్ళారా చూశాను.

తర్వాత కొన్నవాటిలో కొన్ని అటకెక్కాయి. బిజినెస్ ఆటలో ముగ్గురు ఉంటే ఒకరు గంటలో దివాలా తీసి లేచిపోతారు. ఆ తర్వాత మిగతా ఇద్దరూ ఇంకో గంట నోట్లు లెక్కపెట్టుకుంటుంటే, లేచినవాళ్ళు పక్కన కూర్చుని గోళ్ళు గిల్లుకోవాలి. పైగా మా అత్తయ్యగారు మనవరాలి దగ్గర అద్దె పుచ్చుకోరు. "పసిదాని దగ్గర అద్దేవిటే?" అంటారు. స్క్రాబుల్ ఇంగ్లీషు కాబట్టి ముగ్గురిలో ఒకరిని ముందే బయట కూర్చోబెట్టినట్టు, అందుకే కొనలేదు. వైకుంఠపాళి ఎప్పుడూ ఉంది. అందులో జట్లు ఉండవు, అన్యాయం చెయ్యాలంటే పాము చెయ్యాలి. ఒంట్లో బాగోలేనప్పుడూ, కరెంటు పోయినప్పుడూ బాగుంటుంది గానీ రోజూ ఆడలేం.

ముగ్గురికి కుదిరిన ఆట అంటే చైనీస్ చెక్కర్స్. పేరు చైనీస్ గానీ పుట్టింది జర్మనీలో, 1892లో. ఆరు మూలల నక్షత్రం, 121 గుంటలు. ముగ్గురు ఆడితే ఒక మూల విడిచి ఒక మూల కూర్చుంటారు, ప్రతివాళ్ళకీ ఎదుటి మూల ఖాళీ. ఎవరి గోళీలు వాళ్ళు ఎదుటి మూలకి చేర్చుకోవాలి. చంపడం లేదు. ఒకరి గోళీ మీంచి ఇంకొకరు గెంతుతారు, అంటే ఎదుటివాళ్ళ గోళీ అడ్డమూ అవుతుంది, మెట్టూ అవుతుంది. నక్షత్రం ఆకారంలోనే ముగ్గురికి సమానంగా చోటుంది, ఎవరికీ వెనక వైపు ఖాళీ సుఖం లేదు. ఇరవై నిమిషాల్లో ముగిసిపోతుంది. అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పితో కింద కూర్చోలేరు కాబట్టి డైనింగ్ టేబుల్ మీద పెడతాం. రాత్రి భోజనాలయ్యాక, గిన్నెలు తోమే ముందు, ఒక ఆట. ఏడాది పాటు సాగింది.

ఇక్కడ ఆటల్లోంచి కొంచెం పక్కకి వెళ్ళాలి.

మా అమ్మాయి పదో తరగతికి వచ్చాక ఇంటర్‌కి హాస్టల్ ఉన్న కాలేజీలో చేరతానంది. నాకు ఇష్టం లేదు. ఇంటికి మూడు కిలోమీటర్లలో కాలేజీ ఉండగా, పొద్దున్న అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు పెట్టే చోట పిల్లని ఎందుకు వెయ్యాలి? అత్తయ్యగారు మనవరాలి వైపు. తనని ఏడో తరగతితో మాన్పించేశారని ఆవిడకి ఇప్పటికీ కడుపులో ఉంది, చదువుకోసం వెళ్తానన్న ఆడపిల్లని ఆపకూడదంటారు. మావారు ఫోన్లో "మీ ముగ్గురూ ఒక మాట మీదకి రండి, నేను సరే అంటాను," అన్నారు. ముగ్గురు ఎప్పుడైనా ఒక మాట మీదకి వస్తారా? ఇద్దరు వస్తారు.

ఒక రాత్రి దానికి తల దువ్వుతూ నెమ్మదిగా అడిగాను, అక్కడ ఏముంది ఇక్కడ లేనిది అని. ఫ్యాకల్టీ, ర్యాంకులు అని ఏవో చెప్పింది. తర్వాత కాసేపాగి, "అక్కడైతే ఎవరి మాట ఎవరికీ మొయ్యక్కర్లేదు కదమ్మా," అంది.

మీకు అర్థమయ్యే ఉంటుంది. కొత్తవాళ్ళకి చెప్తున్నాను. "అమ్మలూ, పులుసులో ఉప్పు తగ్గిందని మీ అమ్మకి చెప్పు," అంటారు అత్తయ్యగారు, నేను గరిటె పట్టుకుని చేయి చాపితే అందే దూరంలో ఉండగానే. "నానమ్మని మాత్రలు వేసుకున్నారేమో అడుగు," అంటాను నేను. కోపాలు లేవు, మాటలు మానుకోవడాలు లేవు. అదొక పద్ధతి. ఆవిడ వాళ్ళ అత్తగారితో పదేళ్ళు అలాగే మాట్లాడారట, మధ్యలో మా ఆడపడుచు ఉండేదట. నేరుగా అంటే తగులుతుందని, పిల్ల నోటి మీదుగా వస్తే మెత్తబడుతుందని పెద్దవాళ్ళు కనిపెట్టిన ఏర్పాటు అది. మెత్తబడే మాట నిజమే. మరి ఆ గట్టిదనమంతా ఎటు పోతుంది? మర్నాడు పొద్దున్న నుంచి రాత్రి దాకా లెక్కపెట్టాను. పదకొండు సార్లు. ఆ రోజు ఆదివారం కూడా కాదు, పిల్ల సగం రోజు బళ్ళోనే ఉంది.

ఇంతలో సంక్రాంతికి మా అన్నయ్య అమెరికా నుంచి వచ్చి కెటాన్ అనే ఆట ఇచ్చి వెళ్ళాడు. 1995లో జర్మనీలో వచ్చిన ఆట. డబ్బా మీద మొదటి అంకె మూడు! ముగ్గురికి తక్కువైతే ఆడడానికే లేదు. అది చూసి అత్తయ్యగారు "వీళ్ళెవరో మన గురించే చేశారు," అన్నారు. ఆరు పలకల బిళ్ళలు పందొమ్మిది పేర్చితే ఒక దీవి అవుతుంది. కలప, ఇటుక, గొర్రె, గోధుమ, రాయి. పాచికల మీద పడిన అంకెని బట్టి మన ఇల్లు ఆనుకుని ఉన్న బిళ్ళ పంట ఇస్తుంది. వాటితో దారులు వెయ్యాలి, ఇళ్ళు కట్టాలి. పది పాయింట్లు ముందు వచ్చినవాళ్ళది గెలుపు. ఇంగ్లీషు రాతలున్న కార్డులు పాప తీసి పక్కన పెట్టేసింది, మిగతావన్నీ బొమ్మలే. అత్తయ్యగారికి అంతుపట్టడానికి మూడు రాత్రులు పట్టింది. నాలుగో రాత్రికి "ఆరూ ఎనిమిదీ ఎక్కువ పడతాయి, అక్కడ కట్టుకోవాలి," అని నాకే చెప్పారు. పొలం కౌలుకిచ్చి గింజ గింజకీ లెక్క కట్టిన మనిషి.

ఆటలో కీలకం బేరం. మన దగ్గర లేనిది వంతు వచ్చినప్పుడు ఎదుటివాళ్ళని అడిగి మార్చుకోవాలి. ముగ్గురే కాబట్టి అడగడానికి ఇద్దరే ఉంటారు, ఒకరి దగ్గర లేకపోతే రెండోవాళ్ళే గతి. ఒక రాత్రి అత్తయ్యగారికి ఇల్లు కట్టడానికి ఒక్క ఇటుక తగ్గింది. పాప దగ్గర లేదు.

"అమ్మలూ, మీ అమ్మ దగ్గర ఇటుకుందేమో అడుగు."

"నీ వంతు నానమ్మా. నువ్వే అడగాలి. రూల్."

అలాంటి రూల్ రాసి లేదని నాకు తెలుసు. నేనేమీ అనలేదు. అత్తయ్యగారు తన చేతిలో కార్డుల వంక చూసుకున్నారు, పాప వంక చూశారు. పాప కిటికీలోకి చూస్తోంది.

"అమ్మాయ్, ఇటుకుందా?"

"ఉందత్తయ్యా. ఏమిస్తారు?"

"గొర్రెనిస్తాను."

"గొర్రెకి ఇటుకా? నాకే మూడు గొర్రెలున్నాయి. గోధుమ ఇవ్వండి."

"గోధుమకి రెండిటుకలు."

"ఒకటే ఉందత్తయ్యా."

"అయితే ఇటుకకి తోడు ఒక కలప కూడా పడెయ్యి," అని రైతుబజార్లో తోటకూర బేరమాడినట్టు ఆడారు. ఇచ్చాను. ఇల్లు కట్టారు.

ఆ తర్వాత ఆట ఇంకా బాగా ముదిరింది. పాప ఎనిమిది పాయింట్లకి వచ్చేసింది. ముగ్గురి ఆటలో ఇది మామూలే, ఒకరు ముందుకెళ్తే వెనకున్న ఇద్దరూ దగ్గరవుతారు. అత్తయ్యగారు టేబుల్ మీదకి వంగి, "దానికి గోధుమ ఇవ్వకే, పట్టణం కట్టేస్తుంది," అని నాతో గుసగుసలాడారు. పాపతో కాదు, నాతో. ఏడు పడినప్పుడు దొంగని తీసుకెళ్ళి మనవరాలి గోధుమ పొలంలో పెట్టారు. అష్టాచెమ్మాలో దాని కాయ ముట్టుకోని మనిషి! పిల్లకి నిజంగానే కోపం వచ్చింది. "ఇద్దరూ కలిసిపోయారు, ఇది అన్యాయం," అని కార్డులు టేబుల్ మీద పడేసి వెళ్ళి పడుకుంది. దానికిష్టమైన పని జరిగింది కదా, సంతోషిస్తుందనుకున్నాను. పదిహేనేళ్ళ పిల్ల ఓడిపోతే ఓడిపోయినట్టే ఉంటుంది మరి.

అప్పటి నుంచి ఆట కొనేటప్పుడు నేను చూసేది ఇదొక్కటే: ఆడుతుండగా జట్లు మారతాయా? నానమ్మా మనవరాలూ ఒకటి, నేనొకటి అని మొదట్లో ఉన్నట్టే చివరిదాకా ఉండే ఆట మూడోవాళ్ళకి శిక్ష. తల్లీ తండ్రీ ఒక పిల్ల ఉన్న ఇళ్ళల్లో ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలంటాను. అక్కడ ఇద్దరు ఎప్పుడూ ఇద్దరే, పిల్ల ఎప్పుడూ మూడోదే. పైగా ఇద్దరూ కలిసి కావాలని ఓడిపోతారు, అది పిల్లలకి వెంటనే తెలిసిపోతుంది. ఒకసారి నాన్నతో, ఒకసారి అమ్మతో, ఒకసారి ఒంటరిగా నిలబడే వీలున్న ఆట వెతకండి. ఖరీదైనదే అవ్వక్కర్లేదు, నక్షత్రం బోర్డు చాలు. ముగ్గురిలో చదవలేనివాళ్ళో, చూపు ఆననివాళ్ళో ఉంటే ముందు వాళ్ళకి కుదిరేది చూసి, ఆ తర్వాత మిగతా ఇద్దరి సరదా చూసుకోవాలి.

ఇంట్లో మాటలు ఒక్క ఇటుకతో మారిపోయాయని చెప్పను. ఇప్పటికీ "మీ అమ్మకి చెప్పు" వినిపిస్తూనే ఉంటుంది. కాకపోతే పాప ఇప్పుడు తల తిప్పకుండా "ఇటుక," అంటుంది. ఒక్క మాట, అంతే. అత్తయ్యగారు ఒకసారి దాన్నీ, ఒకసారి నన్నూ చూసి, "అమ్మాయ్, రేపు గుమ్మడికాయ పులుసు పెట్టు," అని నాతోనే అంటారు. మొన్న పరీక్షలప్పుడు లెక్కపెడితే రోజుకి నాలుగు.

హాస్టల్ ఖాయమైంది. జూన్లో వెళ్తుంది. ఆ స్టడీ అవర్ల మీద నా అభిప్రాయం మారలేదు, అది పాపకీ తెలుసు, అత్తయ్యగారికీ తెలుసు. ఇద్దరి మాట నెగ్గింది. రెండు నెలలు చూసి నచ్చకపోతే వచ్చేస్తానని నా దగ్గర మాట తీసుకోకుండానే మాటిచ్చింది. కెటాన్ డబ్బా అటక మీద పెట్టాలి, ఇద్దరికి పనికిరాదు కదా. మావారు దిగేది అక్టోబర్లో.

పోయిన వారం అత్తయ్యగారు ఊరికి ఫోన్ చేసి వామనగుంటల పీట తెప్పించారు. మడత పీట, చేప ఆకారంలో, ఒక బందు ఊడిపోయింది. మేకు కొట్టించాను. కొత్త చింతపండు వలిచినప్పుడు దాచిన పిక్కలు కడిగి ఎండబెట్టి ఒక గిన్నెలో పెట్టాను, పద్నాలుగు గుంటలకి అయిదేసి చొప్పున డెబ్భై. మా గుంటూరు వైపు అయిదే వేస్తాం.

అత్తయ్యగారు గిన్నె దగ్గరికి లాక్కుని లెక్కపెట్టారు. యాభై ఆరు పీటలో పోసి, మిగిలిన పద్నాలుగూ నా చేతిలో పెట్టారు.

"గుంటకి నాలుగే అమ్మాయ్. మీ వైపు ఆట మీ వైపే ఆడుకో."